మోకాలి నొప్పికి తొడ బలమే ఆసరా



పంటల గురించీ, పశువుల గురించీ, ఎరువుల గురించీ మనం తరచు మాట్లాడుకుంటూనే వుంటాం. ఇవాళ ఆ పంట పండించే మనిషి మోకాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఎద్దు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరుకు చూపిస్తాం. కర్రు మొండిపోతే కమ్మరి కొలిమికి పంపిస్తాం. మన మోకాలు కుంటితే మాత్రం "వయసు మళ్ళింది, యిక యింతే" అని వూరుకుంటాం. కొందరు సంతలో అమ్మే తైలం రాస్తారు. కొందరు మందుల షాపులో బిళ్ళ అడిగి మింగుతారు. ఎక్కువ మంది మంచం పట్టుకుంటారు. యీ మూడింటిలోనూ మంచం పట్టుకోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది.

మోకాలు పట్టేసిన మనిషికి ముందుగా దూరమయ్యేది పొలం గట్టు. ఆ తరువాత గుడి మెట్లు, సంత, చుట్టాల యింట్లో పెళ్ళి. చివరికి దొడ్లోకి వెళ్ళి రావాలన్నా మరొకరు చెయ్యి పట్టుకోవలసి వస్తుంది. చేనుకు పోలేక భూమిని కౌలుకిచ్చిన పెద్దలు మీ వూళ్ళోనూ వుండే వుంటారు. యాభై దాటిన ఆడవారిలో యీ బాధ మగవారికంటె ఎక్కువ. నాట్లలోనూ, కలుపు తీతలోనూ, పొయ్యి దగ్గరా ఏళ్ళ తరబడి వంగీ కూర్చునీ పనిచేసిన తల్లులు వాళ్ళు. కావున యిది వైద్యుడి వ్యవహారం మాత్రమే కాదు, సేద్యం వ్యవహారం కూడా.

మోకీలు లోపల ఏమి జరుగుతుంది?

మోకీలు మూడు ఎముకలు కలిసే చోటు. పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు వైపు చిప్ప. ఎముకల కొసలమీద నున్నటి పొర ఒకటి వుంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. మధ్యలో నెలవంక ఆకారంలో రెండు మెత్తలు వుంటాయి. వీటన్నిటినీ చుట్టి ఒక సంచి, ఆ సంచిలో ఆముదంలా జారే కొద్దిపాటి నీరు. వయసు, శరీరపు బరువు, పాత దెబ్బలు, వంశం, ఏళ్ళ తరబడి గొంతు కూర్చుని చేసిన పని, యివన్నీ కలిసి ఆ పొర పలచబడుతుంది. ఎముక అంచులు పెరుగుతాయి, సంచి వాస్తుంది, కండ సన్నబడుతుంది. డాక్టర్లు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. మనవాళ్ళు "గుజ్జు అరిగింది", "చిప్ప అరిగింది" అంటారు.

యీ "అరిగింది" అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నది. బండి ఇరుసు తిరిగినకొద్దీ అరుగుతుంది, కనుక తిప్పకుండా వుంచితే మిగులుతుందని లెక్క వేస్తాం. ఇరుసు విషయంలో అది నిజమే. మోకీలు ఇరుసు కాదు, ప్రాణం వున్న వస్తువు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి తిండి అందేది కీలులోని నీటి నుంచే. నడిచినప్పుడు అది నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు వదులవుతుంది. తడిగుడ్డను పిండి మళ్ళీ నీళ్ళలో వదిలితే ఎలా పీల్చుకుంటుందో, అలా నొక్కి వదలడం వల్లనే దానికి తిండి లోపలికి పోతుంది. కదలని కీలుకు ఆ తిండి తగ్గుతుంది.

రెండో సంగతి తొడ ముందు భాగాన వుండే పెద్ద కండ. గట్టు దిగేటప్పుడు గాని, మంచం మీదినుంచి లేచేటప్పుడు గాని, ఒంటి బరువును పగ్గం పట్టి దింపినట్టు మెల్లగా దింపేది యీ కండే. అది బలహీనమైతే ఆ బరువంతా కుదుపుగా కీలు మీద పడుతుంది. నొప్పి పుట్టిందని నడక మానేస్తాం. మానేస్తే కండ తగ్గుతుంది. కండ తగ్గితే నొప్పి పెరుగుతుంది. పెరిగిందని యింకా మానేస్తాం. గానుగెద్దు మాదిరిగా యీ చుట్టులోనే తిరుగుతూ వుంటాం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 65 ఏళ్ళు దాటిన వారిని పరీక్షించి 1997లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఎక్సరేలో అరుగుదల కనబడుతూ నొప్పి యింకా మొదలుకాని వారిలో కూడా తొడ బలం తగ్గి వుండడం కనిపించింది. అనగా బలం తగ్గడం నొప్పి వల్ల మాత్రమే కాదు, నొప్పికి ముందే మొదలు కావచ్చునన్నమాట.

ఎక్సరే గురించి కూడా ఒక మాట. ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే యిద్దరు వైద్యులు 1957లో ఎక్సరేలను చూసి కీలు అరుగుదలకు తరగతులు ఏర్పరచారు. నేటికీ డాక్టర్లు ఆ లెక్కనే "మూడో గ్రేడు, నాలుగో గ్రేడు" అంటూ వుంటారు. ఐతే గ్రేడు ఎక్కువైనవారికి నొప్పి ఎక్కువగానే వుండాలనే నియమం లేదు. ఎక్సరేలో బాగా చెడిన మోకాలితో పొలం చుట్టి వచ్చేవాళ్ళూ వున్నారు, కొద్దిపాటి మార్పుకే మూలిగేవాళ్ళూ వున్నారు. కావున ఎక్సరే చూసి బెదిరిపోనక్కరలేదు. ఎక్సరేను మనం మార్చలేం. బలాన్ని మార్చవచ్చు.

వ్యాయామం నిజంగా పనిచేస్తుందా?

ఎరువు వేయమంటే "ఎక్కడ వేసి చూశారు, ఎంత పండింది?" అని అడగడం రైతు హక్కు. ఇక్కడా అడగాలి.

కండకు కొద్దికొద్దిగా బరువు పెంచుతూ బలం తెప్పించే పద్ధతిని 1945లో డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు ప్రచురించాడు. కాళ్ళు దెబ్బతిన్న సైనికుల తొడలను తిరిగి బలపరచడానికి ఆయన దీన్ని వాడాడు. తరువాతి రోజుల్లో ముసలివారి మోకాళ్ళమీద దీన్ని పరీక్షించారు. 1997లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికా పరీక్షలో, 60 ఏళ్ళు, ఆ పైబడిన 439 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టు నడిచింది. ఒక జట్టు బరువులతో కసరత్తు చేసింది. మూడో జట్టుకు ఆరోగ్య పాఠాలు మాత్రం చెప్పారు. పద్దెనిమిది నెలల తరువాత చూస్తే నడిచిన జట్టుకూ, కసరత్తు చేసిన జట్టుకూ నొప్పి కొంత తగ్గింది, పని చేసుకునే శక్తి కొంత పెరిగింది. ఎక్సరేలో మాత్రం మూడు జట్లకూ తేడా లేదు. యీ చివరి మాట గుర్తుంచుకోండి. వ్యాయామం కీలును అదనంగా అరగదీయలేదు.

2015లో యిలాంటి 54 పరీక్షలను ఒకచోట కూర్చి లెక్కకట్టిన ఒక సమీక్ష, వ్యాయామం వల్ల నొప్పి తగ్గుతుందనీ, ఆపేసిన తరువాత కూడా రెండు నుంచి ఆరు నెలలపాటు కొంత మేలు నిలుస్తుందనీ తేల్చింది. 2024లో మరిన్ని పరీక్షలను కలుపుకుని మళ్ళీ లెక్కకట్టినప్పుడు, సగటున చూస్తే ఆ మేలు చిన్నదేనని తేలింది. దాచవలసిన పని లేదు. వ్యాయామం అరిగిన పొరను తిరిగి మొలిపించదు. అందరికీ సమానంగా పనిచేయదు. ఐనా ఇంగ్లండు ప్రభుత్వ వైద్య ప్రమాణాల సంస్థ 2022లో యిచ్చిన సూచనల్లో, యీ జబ్బున్న ప్రతివారికీ వ్యాయామం చెప్పాలని వ్రాసింది. ఎందుకంటారా? ఖర్చు లేదు. కడుపుకూ మూత్రపిండాలకూ చేటు లేదు. పైగా రక్తపోటుకూ, చక్కెర జబ్బుకూ, తూలి పడిపోకుండా వుండడానికీ యిదే మందు. యిన్ని లాభాలు కలిసి వచ్చే బిళ్ళ మరొకటి లేదు.

పొలం పని చేస్తున్నాం కదా?

"రోజంతా ఒళ్ళు విరుచుకుని పనిచేసేవాళ్ళకు మళ్ళీ వ్యాయామం ఏమిటండీ?" అని మీలో చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొలం పని శ్రమే, కాని మోకాలికి కావలసిన శ్రమ అది కాదు. కలుపు తీసేటప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని గంటలకొద్దీ వుంటుంది. నాట్లలో నడుము వంగి, కాళ్ళు బురదలో దిగబడి వుంటాయి. బస్తా ఎత్తితే ఒక్కసారిగా భారం పడుతుంది. వీటిలో తొడ కండ క్రమంగా బలపడే అవకాశం తక్కువ, కీలు నలిగే అవకాశం ఎక్కువ.

ఎరువుతో పోల్చి చూడండి. నత్రజని మొత్తం ఒకేసారి గుమ్మరిస్తే కొంత పైరుకు అందదు, కొంత చేటు చేస్తుంది. అందుకే దఫాలుగా వేస్తాం. వ్యాయామమూ అంతే. కొలత ప్రకారం, దఫాలుగా, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మధ్యలో కండకు విశ్రాంతి యివ్వాలి.

మొదలుపెట్టే ముందు

కొన్ని నొప్పులకు వ్యాయామం కాదు, ముందు డాక్టరు కావాలి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా వుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. కిందపడిన తరువాత కాలు మోపలేకపోయినా, మోకాలు మధ్యలో బిగిసిపోయి చాచలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, రాత్రింబగళ్ళు ఒకే తీరున నొప్పి వున్నా ఆలస్యం చేయవద్దు. ఉదయం లేచాక అరగంటలోపు పట్టు వదిలితే అది సాధారణంగా మనం చెప్పుకునే జబ్బే. గంటసేపు వదలకుండా వుండి, చేతివేళ్ళ కణుపులు కూడా వాస్తే అది వేరే కీళ్ళవాతం కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. గుండె జబ్బువారు, నడిస్తే ఛాతీలో పట్టేసేవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

మన ప్రాంతానికి చెందిన సంగతి మరొకటి వున్నది. నీటిలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బును 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతపు గ్రామాల్లో వైద్యులు గుర్తించారు. నల్లగొండ గ్రామాలు దశాబ్దాలపాటు అనుభవించిన బాధ మీకు తెలిసిందే. ఫ్లోరైడు గ్రామాల్లో చిన్న వయసువారికి మోకాళ్ళు లోపలికి వంకరపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వెల్లడించారు. కావున మీ వూళ్ళో వయసుతో నిమిత్తం లేకుండా చాలామందికి నడుము, మెడ, మోకాళ్ళు బిగిసిపోతూ వుంటే, ముందు తాగే నీళ్ళను పరీక్షకు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు వుంటే ఆ నీళ్ళు తాగకూడదు. అక్కడ కసరత్తుకంటె ముందు నీళ్ళు మారాలి.

ఏడు కసరత్తులు

వీటికి యంత్రాలు అక్కరలేదు. ఒక చాప, ఒక కండువా, గోడ పక్కన కుర్చీ గాని అరుగు గాని చాలు. చేసేటప్పుడు వూపిరి బిగబట్టవద్దు. పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టండి, వూపిరి దానంతట అదే ఆడుతుంది. రక్తపోటు వున్నవారికి యిది మరీ ముఖ్యం. రెండు కాళ్ళకూ చేయండి, నొప్పి లేని కాలిని వదిలిపెట్టవద్దు.

ఒకటి. చాపమీద కాళ్ళు చాపుకుని కూర్చోండి. కింద కూర్చోలేనివారు మంచం మీద కూర్చోవచ్చు. కండువాను చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టండి. ఆ చుట్టను నేలకేసి అణిచినట్టుగా మోకాలిని కిందికి నొక్కండి. తొడ బిగుసుకోవడం చేత్తో తడిమితే తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. యిలా పదిసార్లు.

రెండు. వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలు ముడిచి పాదం నేలకు ఆనించండి. రెండో కాలిని తిన్నగా చాచి, మూరెడు ఎత్తు లేపి, అయిదు అంకెలు వుంచి మెల్లగా దించండి. ధన్‌మని పడేయవద్దు. దించడంలోనే సగం బలం వున్నది.

మూడు. పడుకునే వుండి, మడమను చాపమీద ఈడుస్తూ మోకాలిని నొప్పి అనుమతించినంత వరకు ముడిచి మళ్ళీ చాచండి. పదిసార్లు. యిది బలానికి కాదు, కీలు పట్టు వదలడానికి. పొద్దున లేవగానే మంచం మీదే చేసుకోవచ్చు.

నాలుగు. కుర్చీలో గాని అరుగు మీద గాని పాదాలు నేలకు ఆనేలా కూర్చోండి. ఒక కాలిని ముందుకు తిన్నగా చాచి, అయిదు అంకెలు వుంచి, దించండి. పది పన్నెండు సార్లు సులువుగా చేయగలిగిన తరువాత, చీలమండకు అరకిలో ఇసుక పోసిన గుడ్డ సంచి కట్టుకోండి. అదీ సులువైతే మరో అరకిలో కలపండి. పెంచడం వారానికో రెండు వారాలకో ఒకసారి, అంతకంటె తొందర వద్దు.

అయిదు. యిది అన్నిటికంటె ముఖ్యమైనది. గోడకు ఆనించిన కుర్చీలో ముందుకు జరిగి కూర్చోండి. పాదాలు కాస్త ఎడంగా వుంచి, చేతులు రొమ్ముమీద కట్టుకుని లేచి నిలబడండి. మెల్లగా మళ్ళీ కూర్చోండి. చేతి సాయం లేకుండా లేవలేకపోతే కుర్చీమీద దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచుకోండి. బలం వచ్చినకొద్దీ దుప్పటి తీసేయవచ్చు. కుంగిపోయే నులక మంచం దీనికి పనికిరాదు. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి తీసుకురండి.

ఆరు. మంచం కోడు గాని, స్తంభం గాని పట్టుకుని నిలబడండి. ఒక కాలిని పక్కకు జానెడు ఎత్తి, మూడు అంకెలు వుంచి దించండి. నడుము పక్కకు వాల్చవద్దు. పిరుదు పక్కన వుండే కండ గట్టిపడితే నడకలో వూగులాట తగ్గుతుంది. అలాగే నిలబడి మడమలు ఎత్తి మునివేళ్ళమీద లేచి దిగండి. అది పిక్కకు మంచిది.

ఏడు. పై ఆరూ ఒక నెల చేసిన తరువాత మాత్రమే, యింటి ముందున్న ఒక్క మెట్టును వాడండి. జానెడుకు మించని ఎత్తు చాలు. స్తంభం పట్టుకుని ఒక కాలితో ఎక్కి, అదే కాలిని పైన వుంచి, రెండో కాలితో దిగండి. అయిదారు సార్లతో మొదలుపెట్టండి.

యీ బలం కసరత్తులు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి మూడూ తేలికవి గనుక రోజూ చేసుకోవచ్చు. వీటికి తోడు నడక. చదునైన దారిమీద పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుతూ అరగంటకు తీసుకురండి. ఒకే విడతగా చేయలేకపోతే పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు చాలు. గట్లమీద, దున్నిన చేలో నడక దీనికింద లెక్క కాదు.

నొప్పిని లెక్కకట్టడం ఎలా?

కొందరు కొద్దిపాటి నొప్పికే మానేస్తారు. కొందరు పళ్ళు బిగించి చేసి మర్నాడు మంచం దిగరు. రెండూ పొరపాటే. నొప్పిని రూపాయి కింద లెక్క వేసుకోండి. నొప్పి లేకపోతే సున్న. ఓర్చుకోలేని నొప్పి పదహారణాలు. వ్యాయామం చేస్తున్నప్పుడు మూడణాల లోపు నొప్పి వుంటే దిగులు లేదు. ఎనిమిదణాల దాకా వున్నా చేయవచ్చు, ఐతే అది మరుసటి రోజుకల్లా మామూలు స్థితికి రావాలి. మరునాటికీ దిగకపోయినా, మోకాలు వాచినా, ఎక్కువ చేశామని గుర్తు. అప్పుడు మానేయవద్దు. సార్లు సగానికి తగ్గించి, బరువు తీసేసి, అక్కడినుంచి మళ్ళీ పెంచుకుంటూ రండి.

నాటిన వారానికే కంకి రాదు. మొదటి రెండు మూడు వారాల్లో కండలు నొప్పి పుట్టడం తప్ప లాభం కనబడకపోవచ్చు. ఆరు నుంచి పన్నెండు వారాలు చేసి అప్పుడు తీర్పు చెప్పండి. బాగుపడిన తరువాత ఆపేస్తే కండ మళ్ళీ తగ్గుతుంది. నాట్లు, కోతల రోజుల్లో తీరిక లేకపోతే వారానికి రెండుసార్లయినా విడవకుండా చేయండి. నీళ్ళు పూర్తిగా కట్టేయకుండా ఆరుతడి యిచ్చినట్టన్నమాట.

బరువు లెక్క

ఒంటి బరువు ఎక్కువగా వున్నవారికి మరొక లెక్క చెబుతాను. బరువు తగ్గిన ముసలివారి నడకను కొలిచి 2005లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, ఒంట్లో ఒక కిలో తగ్గితే మోకాలి మీద ప్రతి అడుగులోనూ దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. యింటినుంచి చేనుకు వెళ్ళడానికి ఒక్కో కాలు 750 అడుగులు వేస్తుందనుకుందాం. మీరు 5 కిలోలు తగ్గితే అడుగుకు 20 కిలోలు తగ్గినట్టు. అనగా ఒక్క ప్రయాణంలో ఒక్కో మోకాలికి 15,000 కిలోల మోత తప్పింది. 75 కిలోల ధాన్యం బస్తాల్లో చెబితే 200 బస్తాలు. రాకపోకలకు 400 బస్తాలు. 2013లో 454 మందిమీద ఫలితాలు ప్రకటించిన మరో అమెరికా పరీక్షలో, ఆహార నియమమూ వ్యాయామమూ కలిపి చేసిన జట్టుకు, ఒక్క వ్యాయామమే చేసినవారికంటె ఎక్కువ మేలు కలిగింది.

ఐతే బక్కపలచని వారు పస్తులుండవద్దు. వారికి తగ్గవలసింది బరువు కాదు, పెరగవలసింది కండ. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేపలు, మీకు అలవాటున్నవి తప్పక తినండి.

పనిలోనూ, యింట్లోనూ మార్పులు

కలుపు తీసేటప్పుడు గొంతు కూర్చోవడానికి బదులు, వీలైన చోట పీట వేసుకోండి. నిలబడి తోసే చక్రాల కలుపు యంత్రాలు, పొడుగు కర్ర పనిముట్లు వున్నాయి. అరగంటకోసారి లేచి పది అడుగులు వేసి రండి. పొయ్యి గట్టుమీదికి ఎక్కించండి. మరుగుదొడ్డిలో కుర్చీలాంటి స్టూలు పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఆ ఒక్క స్టూలు వల్ల మరొకరి చేతి సాయం తప్పిన ముసలివారు ఎందరో. కర్ర పట్టుకునేవారు నొప్పి వున్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి, అదే సరైన ఎత్తు.

మందుల సంగతి. మోకాలిమీద రాసే నొప్పి తగ్గించే మందులు చాలామందికి సరిపోతాయి. మింగే బిళ్ళలు కొద్ది రోజులకు, డాక్టరు చెప్పినంతవరకే. ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల చేటు, రక్తపోటు వస్తాయి. పేరు లేని పొడులు, "ఒక్క సూదితో నొప్పి మాయం" అనేవి దగ్గరికి రానీయవద్దు. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిసి వుండవచ్చు. కీలులో గొట్టం పెట్టి కడిగే చికిత్సను కూడా 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిమీద పరీక్షించి, ఉత్తుత్తి కోతకంటె అది మేలు చేయలేదని తేల్చారు. అన్నీ చేసినా నడవలేని స్థితి వస్తే, కీలు మార్పిడి శస్త్రచికిత్స మంచి చికిత్సే. దానికి వెళ్ళేవారికి కూడా ముందుగా తొడ బలపరచుకోవడం మేలు.

విస్తరణ కార్యకర్తలకు

కాగితం చదివి ఒంటరిగా కసరత్తు చేసేవారు తక్కువ. పదిమంది కలిస్తే సాగుతుంది. డెన్మార్కులో 2013లో మొదలైన పద్ధతిలో, ముందు జబ్బు గురించి రెండు పాఠాలు చెప్పి, తరువాత వారానికి రెండుసార్ల చొప్పున ఆరు వారాలు జట్టుగా కసరత్తు చేయిస్తారు. మన గ్రామాల్లో ఆ పని పంచాయతీ ఆవరణలోనో, బడి వరండాలోనో, పొదుపు సంఘం కూడే చోటనో చేయవచ్చు. మొదటి రోజు ఒక ఫిజియోథెరపిస్టును పిలిపించి చూపించండి. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010-11లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు ఫిజియోథెరపీ ఏర్పాటు వున్నది. ఆశా కార్యకర్తను కలుపుకుంటే ఎవరిని ముందుగా డాక్టరుకు చూపించాలో తెలుస్తుంది.

ప్రదర్శన క్షేత్రానికి రికార్డు వ్రాసినట్టే దీనికీ వ్రాయండి. కుర్చీలో కూర్చోబెట్టి, అర నిమిషంలో చేతి సాయం లేకుండా ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. 40 మీటర్లు నడవడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో చూడండి. మొదటి రోజున, ఆరో వారాన, పన్నెండో వారాన ఒకే కుర్చీతో, ఒకే దారిమీద కొలిచి పుస్తకంలో వేయండి. నాలుగుసార్లు లేచిన తల్లి ఎనిమిదిసార్లు లేస్తే, ఆ అంకెకంటె మంచి ప్రచారం మరొకటి అక్కరలేదు. అంకె పెరగనివారిని కూడా దాచకుండా వ్రాయండి, వారిని డాక్టరుకు చూపించండి.

పెద్దలారా, మోకాలికి పోయిన పొరను మనం తిరిగి తేలేకపోవచ్చు. దాని చుట్టూ వున్న కండను తప్పక పెంచవచ్చు. డెబ్బై ఏళ్ళ తొడ కూడా చెప్పిన మాట వింటుంది, కాకపోతే కాస్త నిదానంగా వింటుంది. రేపు పొద్దున మంచం దిగే ముందు కండువా చుట్టి మోకాలి కింద పెట్టి, అయిదు అంకెలు లెక్కపెట్టండి. అక్కడినుంచి మొదలవుతుంది.